ఏడో నంబరు బిళ్ళ

యనులైలై దీవి
5 జులై 1993, సోమవారం

టొరికా అత్తకి,

ఈ ఉదయం బోర్డు తుడుస్తుంటే నాలుగో కొక్కేనికి బిళ్ళతో పాటు ఒక బల్లి తోక కూడా వేలాడుతోంది. బల్లి బోర్డు వెనక నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు. నాలుగో నంబరు చుట్టూ తుడవకుండా వదిలేశాను.

నా పనేమిటో రాయమని రెండుసార్లు అడిగావు. జెట్టీ మొదట్లో ఒక చెక్క బోర్డు ఉంటుంది. దానికి ఇరవై కొక్కేలు, ఒక్కో కొక్కేనికి నంబరు వేసిన ఒక ఇత్తడి బిళ్ళ. డైవింగుకి వెళ్ళేవాళ్ళు తమ బిళ్ళ తీసి మెడలో వేసుకుని పడవ ఎక్కుతారు. తిరిగి రాగానే ఎవరి బిళ్ళ వాళ్ళే తగిలించాలి. బోర్డు నిండితే అందరూ ఒడ్డుకి చేరినట్టు. నేను పుస్తకంలో రాసుకుంటాను. అంతే. మిగతా సమయం చదువుకుంటాను. సిస్టర్ బెర్నడెట్‌కి ఈ సంగతి చెప్పు. బడిలో నోరు విప్పని పిల్లకి నోరు విప్పక్కర్లేని ఉద్యోగమే దొరికిందని సంతోషిస్తారు.

శనివారం న్యూజిలాండ్ నుంచి పదకొండు మంది దిగారు. ఒకే ఊరి డైవింగ్ క్లబ్బు. మూడు వారాల పైనే ఉంటారు. పదకొండు మందికీ ఒకటే రంగు టోపీ. వాళ్ళలో నోరీన్ అనే ఆవిడకి అరవై రెండేళ్ళు. లైబ్రరీలో పని చేసి రిటైరైంది. పెట్టెలో సగం పుస్తకాలే. ఏడో నంబరు బిళ్ళ ఆమెది. తడిసిన చేతులతో పుస్తకం ముట్టుకోదు కాబట్టి నాకు ఆమె నచ్చింది.

నిన్న జెట్టీ మీద ఆమె ఒక తమాషా చూసింది. నేను సైరుసి బావతో, "బావా, మంచినీళ్ళ డబ్బా పెట్టారేమో అడుగు" అన్నాను. ఎమోసి అన్నయ్య మూడడుగుల దూరంలో తాడు చుడుతున్నాడు. నీ కొడుకు అటు తిరిగి, "ఎమోసీ, మీ చెల్లెలు అడుగుతోంది, ఇవాళైనా పళ్ళు తోముకున్నావా అని" అన్నాడు.

అన్నయ్య తల ఎత్తకుండానే, "తోముకున్నానని చెప్పు. నీళ్ళు కూడా పెట్టానని చెప్పు. వాళ్ళ బావ స్నానం చేసి నాలుగు రోజులైంది, గాలి అటు వీస్తోంది, జరిగి నిలబడమని చెప్పు" అన్నాడు.

నోరీన్ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "ఏమ్మా, ఆ తాడు మనిషికీ నీకూ పోట్లాటా?"

"లేదండీ. ఆయన మా అన్నయ్య. మా పెదనాన్న కొడుకు. నాన్న పోయాక నేను వాళ్ళింట్లోనే పెరిగాను. ఊహ తెలిశాక అన్నా చెల్లీ నేరుగా మాట్లాడుకోకూడదు. గౌరవం."

"మరి ఆ వాగుడుకాయ?"

"మేనత్త కొడుకు. బావ. బావతో ఎంతైనా మాట్లాడొచ్చు. తిట్టొచ్చు కూడా."

నోరీన్ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. "అంటే ఇష్టమైనవాడితో మాటల్లేవు, ఆ వాగుడుకాయతో అంతే లేదు." నీ కొడుకుని అలా అన్నందుకు ఆమె తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను.

సైరుసి దగ్గర లేనప్పుడు నేను జెట్టీ చివరి స్తంభానికి చెబుతాను. "స్తంభమా, పెట్రోలు డబ్బా మూత వదులుగా ఉంది" అంటాను. అన్నయ్య విని తల ఊపుతాడు. ఇది చూసి నోరీన్ టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇందులో అంత నవ్వేముందో నాకు తెలియలేదు.

మోకాలికి నూనె రాసుకోవడం మానకు.

నీ అలుమీతా


సువా
9 జులై, శుక్రవారం

నా తల్లీ, అలుమీతా,

నీ ఉత్తరం చదివి ఆస్పత్రి లాండ్రీలో అందరికీ వినిపించాను. ఇస్త్రీ చేసే ఆ లావుపాటి ఆవిడ ఉందే, ఆమె ఆ బల్లి ఏమైందని అడుగుతోంది. రాయి. లేకపోతే నన్ను బతకనివ్వదు.

ఇక్కడ వాన. ఆరిన దుప్పటి అనేది చూసి తొమ్మిది రోజులైంది. నా మోకాలి సంగతి నువ్వు నాకు చెప్పకు, నువ్వు సరిగ్గా తింటున్నావా? కర్రపెండలం, టీ, పుస్తకం, ఈ మూడింటితో మనిషి బతకదు. సైరుసిని ఒక చేప పట్టిచ్చి నీకు వండించమను. వాడు ఉత్తరం రాసి మూడు నెలలైంది. నోటికున్న పనిలో పదో వంతు చేతికి ఉంటే నాకు ఈ పాటికి ఒక పెట్టెడు ఉత్తరాలు ఉండేవి.

ఒక్క మాట. స్తంభంతో మాట్లాడటమేమిటే? మన వాళ్ళలో మధ్యన మనిషిని పెట్టుకోవడం ఎందుకో తెలుసా? వినపడకపోతే మనిషి "ఏమిటీ?" అని తిరిగి అడుగుతాడు. స్తంభం అడగదు. మీ పెదనాన్నకీ నాకూ నలభై ఏళ్ళుగా మీ పెద్దమ్మే మధ్యన ఉంది. ఒక్కసారి కూడా మాట తారుమారు కాలేదు. నేను అన్నదానికన్నా మెత్తగా చెబుతుంది, అదొక్కటే లోపం.

మనకి జులై అంటే చలిరోజులు కదా, మీ పెదనాన్న కాలు లాగుతుందేమో, పెద్దమ్మని అడిగి రాయి. నేను అడిగినట్టు చెప్పక్కర్లేదు.

ఈ పొట్లంలో రెండు సబ్బులు, ఒక స్వెట్టరు. సబ్బుల్లో ఒకటి సైరుసికి. గాలి ఎటు వీచినా ఇబ్బంది ఉండదు.

నీ అత్త టొరికా


యనులైలై
13 జులై, మంగళవారం

అత్తకి,

ముందు ఇది చదువు. అందరూ బతికే ఉన్నారు.

నిన్న నోరీన్ సముద్రంలో ఉండిపోయింది. పడవలు రెండూ వచ్చేశాయి, ఆమె రాలేదు. పదకొండూ ఇరవైకి బోర్డు మీద ఏడో కొక్కెం ఖాళీగా కనిపించింది. పడవలు వెంటనే వెనక్కి వెళ్ళాయి. ఒంటిగంటా పదికి ఆమెని తీసుకొచ్చాయి.

ఆ మధ్య సమయంలో నేను ఏం చేశానో నాకు సరిగా గుర్తు లేదు. జపమాల మొదటి నుంచి చివరి దాకా చెప్పానట. పైకే చెప్పానట. హార్క్‌నెస్ గారు, అదే మా రిసార్టు యజమానురాలు, నా పక్కన కూర్చుని నా చేతిలోంచి పెన్సిల్ తీసేశారు. నేను ఏడో నంబరు గడిలో గీతలు గీస్తున్నానట.

ఆమె దొరికిన తీరు విను. గాలి జాకెట్టు ఉబ్బించుకుని నీళ్ళ మీద తేలింది. నీళ్ళు ఎటు లాగితే అటు పోయింది. ఈదడానికి ప్రయత్నించలేదు, అదే మంచిదైంది. పోటు మొదలవడంతో నీళ్ళు ఆమెని బయటికి కాకుండా లోపలికి, ఇసుక మేట మీదికి తెచ్చాయి. అక్కడ మన ఊరి ఆడవాళ్ళు నడుము లోతు నీళ్ళలో వల లాగుతున్నారు. పడవలు వెళ్ళేసరికి నోరీన్ వల ఒక కొస పట్టుకుని నిలబడి ఉందట. వదిలితే చేపలు పోతాయి, ఉండండి అందట. వాళ్ళు ఆమె వాటా కింద మూడు చేపలు ఇచ్చి పంపారు.

అందుకని ఆమె క్షేమం. నేను ఏడవడం లేదు.

కానీ జెట్టీ మీద నేను చేయకూడని పని చేశాను. ఒక మగమనిషిని పేరు పెట్టి పిలిచాను. గట్టిగా. క్లబ్బు వాళ్ళూ, వంటవాళ్ళూ, రేవు దగ్గరున్న ఊరివాళ్ళూ అందరూ విన్నారు. ఎవరినో రాయడానికి చెయ్యి రావడం లేదు. నీకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు నేను ఎవరి మొహమూ చూడలేకపోతున్నాను.

పెదనాన్న కాలు బాగానే ఉందట. రగ్బీలో విరిగిన ఆ కాలు వాన వచ్చే ముందు రోజే చెబుతుందని పెద్దమ్మ అంది. బల్లి బోర్డు వెనకే ఉంది.

అలుమీతా


సువా
16 జులై, శుక్రవారం

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం రాకముందే సంగతి వచ్చేసింది! మీ ఊరి నుంచి దుంపలు తెచ్చి అమ్మే ఆవిడ మార్కెట్లో నన్ను దూరం నుంచే చూసి, "టొరికా, మీ మేనకోడలు జెట్టీ మీద ఒకణ్ణి పేరు పెట్టి పిలిచిందటే! గాలి నింపే మిషను మోతలో కూడా వినపడిందట!" అని అరిచింది. నేను బుట్ట కింద పెట్టేశాను. అలుమీతాకి గొంతుందా అన్నాను.

తరువాత నీ ఉత్తరం వచ్చింది. ఎవరినో రాయడానికి చెయ్యి రావడం లేదంటావు. పిచ్చిదానా, నాకు తెలియదా? నీ గొంతు విన్న మగవాళ్ళు ఈ లోకంలో నలుగురు. పోయిన మీ నాన్న, మీ పెదనాన్న, నీ పాపాలు వినే ఫాదరు, నా కొడుకు. వీళ్ళలో పేరు పెట్టి పిలవదగినవాడు ఒక్కడే. మనిషి ప్రమాదం వచ్చినప్పుడు ఎవరిని పిలుస్తుందో వాళ్ళే ఆమె మనిషి. నేనూ ఒకప్పుడు వయసులో ఉన్నదాన్నే.

సిగ్గుపడకు. మేనత్త కొడుకుని చేసుకోవడం పాతకాలపు పద్ధతి అంటారు, అననీ. ఫాదరుతో నేను మాట్లాడతాను. నిన్ననే మొగలి ఆకు తెప్పించాను. పెళ్ళి చాప అల్లడం మొదలుపెట్టాను, నాలుగు వేళ్ళ వెడల్పు అయింది. అంచుకి ఎరుపు ఉన్ని వేయనా, ఆకుపచ్చ వేయనా? సైరుసికి కూడా రాశాను, ఇకనైనా రోజూ స్నానం చెయ్యమని.

ఆ లైబ్రరీ ఆవిడ కోసం గుడిలో కొవ్వొత్తి వెలిగించాను. పక్కనే ఇంకోటి మీ ఇద్దరికీ. ఇస్త్రీ ఆవిడ బల్లి కోసం కూడా ఒకటి అంది, నేను వద్దన్నాను.

అంతా మంచికే జరిగింది, ధైర్యంగా ఉండు.

నీ అత్త, ఇక రెండు విధాలా అత్తే


యనులైలై
19 జులై, సోమవారం

టొరికా అత్తకి,

చాప ఆపు. దయచేసి ఆపు.

నేను పిలిచింది సైరుసిని కాదు. ఎమోసి అన్నయ్యని. "అన్నయ్యా" అని కూడా కాదు. ఉత్త పేరు.

నీ ఉత్తరం సైరుసికి కూడా అందింది. అది చేత్తో ఊపుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. "ఏం మరదలు పిల్లా! మా అమ్మ నీకు చాప, నాకు సబ్బు పంపింది. పెళ్ళయ్యాక నీ వాటా మాటలు కూడా నేనే మాట్లాడాలా? ఇప్పటికే మీ అన్నయ్యవి మోస్తున్నాను. నడుం పోతోంది." తరువాత గొంతు తగ్గించి, అవతలి రేవులో ఒక టీచరమ్మ ఉందనీ, ఆ సంగతి నీకు నన్నే రాయమనీ చెప్పాడు. రాశాను.

ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను. నా వల్ల జరిగింది కాబట్టి.

ఆ సోమవారం ఉదయం నోరీన్ చెవి నొప్పి, రానంది. నేను సైరుసితో "ఇవాళ పది మంది అని చెప్పు" అన్నాను. చెప్పాడు. అన్నయ్య సరేనన్నాడు. తరువాత సైరుసి కొత్త తాడు కోసం కొట్లోకి వెళ్ళాడు. అప్పుడు నోరీన్ పరుగెత్తుకుంటూ వచ్చి చెవి తగ్గిందంది. ఏడో బిళ్ళ తీసుకుని సైరుసి నడిపే చిన్న పడవ ఎక్కింది. అన్నయ్య పెద్ద పడవలో ఇంజను మీదికి వంగి ఉన్నాడు. సైరుసి లేడు. నేను స్తంభం దగ్గరికి వెళ్ళి, "స్తంభమా, పది కాదు, పదకొండు" అన్నాను. అన్నయ్య తల ఊపాడు.

అతను ఊపింది నా మాటకి కాదు. ఇంజను అందుకున్నందుకు. నాకది తరువాత తెలిసింది.

నా పక్కనే క్లబ్బు వాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళలో ఎవరితోనైనా "ఆయనకి ఈ మాట చెప్పండి" అనొచ్చు. తెలియని మనిషిని అడగడానికి నాకు సిగ్గేసింది. అత్తా, ఒక్క మాట అడగడానికి సిగ్గుపడి మనిషిని సముద్రంలో వదిలేశాను. స్తంభం తిరిగి అడగదని నువ్వు రాసిన ఉత్తరం ఆ సాయంత్రమే వచ్చింది.

వాళ్ళు బాగా అనుభవం ఉన్నవాళ్ళు. నీళ్ళలోకి వాళ్ళంతట వాళ్ళే దిగుతారు. అన్నయ్యా సైరుసీ పైనుంచి పడవల్లో కాపలా ఉంటారు. జంటలు జంటలుగా దిగాలి. నోరీన్ చివర్లో వచ్చింది కాబట్టి ఆమెకి జత లేదు. ఒక జంటతో మూడో మనిషిగా కలిసింది. నీళ్ళ లాగుడు ఎక్కువై అందరూ చెల్లాచెదురుగా పైకి తేలారు. ఆ జంట ఆమె వేరేవాళ్ళతో ఉందనుకుంది. అన్నయ్య పడవలోంచి "నీ దగ్గర ఎంత మంది?" అని అరిచాడు. సైరుసి "నలుగురు" అన్నాడు. అన్నయ్య దగ్గర ఆరుగురు. పది. నేను పంపిన లెక్క సరిపోయింది. నోరీన్ పెద్ద పడవ ఎక్కిందనే సైరుసి అనుకున్నాడు. "లెక్క మీ ఇద్దరిదీ, దాన్ని మోయడం నాదీ అనుకున్నాను" అని ఇప్పుడు తల కొట్టుకుంటున్నాడు.

జెట్టీకి వచ్చాక అందరూ బిళ్ళలు తగిలించి భోజనానికి వెళ్ళిపోయారు. సైరుసి గాలి నింపే మిషను ఆన్ చేశాడు. అన్నయ్య పెద్ద పడవని లంగరు దగ్గరికి తీసుకుపోతున్నాడు. నేను బోర్డు చూశాను. ఏడో కొక్కెం ఖాళీ. సైరుసి దగ్గరికి పరుగెత్తొచ్చు, కానీ షెడ్డు జెట్టీకి అటు చివర. పడవ వెళ్ళిపోతోంది. స్తంభం నా పక్కనే ఉంది. దానికి చెప్పలేదు. పిలిచాను.

అన్నయ్య పడవ తిప్పాడు.

నోరీన్ దొరికిన సాయంత్రమే అతను హార్క్‌నెస్ గారి ముందు నిలబడి, తప్పు తనదనీ, తలలు లెక్కపెట్టాల్సింది తానేననీ చెప్పి, పడవ తాళం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అవతలి కొండ మీద కర్రపెండలం తోటలో ఉంటున్నాడు. భోజనం పెద్దమ్మ పంపిస్తోంది. పది అన్న తరువాత నా నుంచి ఇంకో మాట తనకి రాలేదన్నాడట. అంటే స్తంభానికి చెప్పిన సంగతి అతనికి తెలియదు. సైరుసిని మూడుసార్లు పంపాను, తప్పు నాదని చెప్పమని. మూడుసార్లూ దుంపలు తవ్వుతూనే ఉన్నాడట. ఏమన్నాడని అడిగితే సైరుసి మొదటిసారి వేళాకోళం చేయలేదు. "ఏమీ అనలేదు మరదలా. మోయడానికి మాటే లేదు" అన్నాడు.

అన్నయ్య లేకుండా క్లబ్బు వాళ్ళు నీళ్ళలోకి దిగరు. దిగనివ్వరు కూడా. వరండాలో పేకాడుతున్నారు. డైవింగు ఇక మూసేద్దామా అని హార్క్‌నెస్ గారు ఆలోచిస్తున్నారు. నోరీన్ మాత్రం రోజూ ఏడో బిళ్ళ తీసి చూసుకుని మళ్ళీ తగిలిస్తుంది.

పెదనాన్న నన్ను పిలిచి ఒక్కటే అడిగారు. "నువ్వు పిలిచావు. ప్రాణం పోతున్నప్పుడు ఒకరు పిలిస్తే అది పొరపాటు. ఇద్దరూ మాట్లాడుకుంటే అది తప్పు. వాడు పలికాడా?" ఇంజను మోతగా ఉందని చెప్పాను. ఆయన తల ఊపారు.

నాకు ఉద్యోగం పోయినా ఫరవాలేదు. అన్నయ్య ఆ కొండ దిగాలి. నా గొంతు వినకూడదనే అక్కడికి వెళ్ళాడనిపిస్తోంది. చిన్నప్పుడు నేను రాత్రి భయపడితే మాట్లాడకుండా వచ్చి నా గుమ్మం బయట పడుకునేవాడు. నాకు వాడి వీపు తప్ప ఏమీ కనిపించేది కాదు. అది చాలేది.

నువ్వు పెద్దమ్మకి ఒక ఉత్తరం రాస్తావా? నీ మాట ఆ ఇంట్లో వింటారు.

అలుమీతా


సువా
22 జులై, గురువారం

అలుమీతా,

చాప ఆపేశాను. జానెడు వెడల్పయింది. టీచరమ్మకి మొగలి వాసన ఇష్టమో లేదో కనుక్కో. దాని సంగతి తరువాత.

పెద్దమ్మకి రాయను. నీకే రాస్తాను. ఇది తీసుకుని సైరుసి ఆ ఇంటికి వెళ్ళాలి. మన్నింపు అడగడానికి ముందు పెట్టే యంగోనా వేరు కట్ట చేతిలో ఉండాలి, మంచిది, ఎండింది. ఎమోసిని కొండ మీదినుంచి పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి ఈ ఉత్తరం పైకి చదవాలి. మీ పెదనాన్న ఇంట్లో లేని సమయం చూసుకోమను.

ఎమోసీ, బాబూ, విను.

నాకు పదహారేళ్ళప్పుడు పెద్ద తుఫాను వచ్చింది. మీ నాన్న వంటపాక కప్పు ఎగిరిపోకుండా తాడు పట్టుకుని స్తంభం కింద నిలబడ్డాడు. నేను గుమ్మంలో ఉన్నాను. స్తంభం మొదలు దగ్గర పగలడం చూశాను. పది అడుగులు. "జరుగు" అంటే చాలు. ఒక్క మాట. ఆయన నా అన్నయ్య. నేను అమ్మని వెతకడానికి ఇంటి వెనక్కి పరుగెత్తాను, అమ్మ చేత చెప్పిద్దామని. అమ్మని తీసుకొచ్చేసరికి స్తంభం ఆయన కాలి మీద ఉంది.

రగ్బీ కాదు. ఆ కాలు ఎప్పుడూ రగ్బీ ఆడలేదు. అది ఆటలో విరిగిందని ఊరికి చెప్పింది ఆయనే. ఎందుకలా చెప్పాడో నేను నలభై ఏళ్ళుగా అడగలేదు. అడగడానికి నాకు నోరు లేదు. మీ అమ్మ చేత అడిగించడానికి ధైర్యం లేదు.

గౌరవం పాటించావే పిల్లా అని ఆ రోజు అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను సువా రావడానికి అదీ ఒక కారణం. ఆయన నడక వినపడని చోట ఉందామని.

మీ చెల్లెలు నాలా ఇంటి వెనక్కి పరుగెత్తలేదు. అది పిలిచినందుకు నీకు కోపం రావాలంటే, పిలవని నా మీద ముందు రావాలి. కొండ దిగు.

ఇది చదివేటప్పుడు వేషాలెయ్యకు సైరుసీ, నీ కాళ్ళు విరగ్గొడతాను.

టొరికా


యనులైలై
27 జులై, మంగళవారం

టొరికా అత్తకి,

ఈ ఉదయం క్లబ్బు వాళ్ళు వెళ్ళిపోయారు. పదకొండు టోపీలు. నేను లెక్కపెట్టాను, తరువాత మళ్ళీ లెక్కపెట్టాను. నోరీన్ తన పుస్తకాలన్నీ నాకు వదిలేసి, ఆ పెట్టె నిండా మన కర్రపెండలం చిప్స్ నింపుకుంది.

మొదట్నించీ చెబుతాను. నీ ఉత్తరం శనివారం పడవకి వచ్చింది. సైరుసి తలకి నూనె రాసుకుని, శుభ్రమైన చొక్కా వేసుకుని, యంగోనా కట్ట పట్టుకుని వెళ్ళాడు. నేను పెద్దమ్మతో వంటపాకలో కూర్చున్నాను. మధ్యన వెదురు తడిక. అన్నీ వినపడతాయి. పెదనాన్న చేపలకి వెళ్ళారన్నారు. ఎమోసి అన్నయ్య వచ్చి చాప మీద కూర్చున్న చప్పుడయింది. సైరుసి చదవడం మొదలుపెట్టాడు. వేషాలెయ్యలేదు.

"పది అడుగులు" అనే చోట ఆగిపోయాడు. గుమ్మంలో కర్ర చప్పుడు. పెదనాన్న వచ్చేశారు. పోటు తప్పిందట.

"ఆపావేం? చదువు" అన్నారు.

"అది... ఇక్కడితో అయిపోయింది మావయ్యా."

"అయిపోతే ఆ కాయితం అవతలి పక్క ఏముంది, కూర వండే పద్ధతా? చదువు."

చదివాడు. అంతా. కాళ్ళు విరగ్గొడతాననే దాకా. పెద్దమ్మ చేతిలో దుంప అలాగే ఉండిపోయింది. ఆమెకి కూడా రగ్బీ అనే తెలుసు.

తరువాత పెదనాన్న, "మీ అమ్మకి రాయించు" అన్నారు. "ఆ స్తంభం పగలడం తనకన్నా ముందు నేనే చూశానని. లోపల పొయ్యి పక్కన చిన్న తమ్ముడున్నాడని. వాడు పాక్కుంటూ బయటికి వచ్చేదాకా ఆ తాడు వదిలేది లేదని. తను అరిచినా నేను జరిగేవాణ్ణి కాదని." ఆ తరువాత, "ఆటలో విరిగిందని ఎందుకు చెప్పానంటే, కుర్రాడికి అది కాస్త గొప్పగా ఉంటుంది. అంతే. దానికి నలభై ఏళ్ళు సువాలో దుప్పట్లు ఉతకాలా అని అడుగు" అన్నారు.

చిన్న తమ్ముడంటే మా నాన్న. నాలుగేళ్ళవాడు. అత్తా, నువ్వు ఇంటి వెనక్కి పరుగెత్తి ఉన్నావు కాబట్టి ఆయన బయటికి రావడం నీకు కనిపించలేదు.

అప్పుడు అన్నయ్య మొదటిసారి మాట్లాడాడు. సైరుసితోనే, కానీ తడిక వైపు తిరిగి. "రేపు పూజ అయ్యాక పోటు బాగుంటుంది. వాళ్ళు విమానం ఎక్కే ముందు రోజు నీళ్ళలో దిగకూడదు కాబట్టి రేపే ఆఖరు. ఎంత మందో లెక్క పంపమని చెప్పు."

నేను పెద్దమ్మ చెవిలో "పదకొండు" అన్నాను. పెద్దమ్మ "పదకొండట" అంది. సైరుసి "పదకొండట" అన్నాడు. పెదనాన్న కూడా "పదకొండు" అన్నారు. ఇక ఎవరికీ వినపడలేదనడానికి లేదు.

ఆదివారం నేను వెళ్ళేసరికి నా స్తంభానికి ఒక పాత గాలి సిలిండరు వేలాడుతోంది. అడుగు కోసేసి, నున్నగా రాకి, తాడుతో కట్టి ఉంది. పక్కన ఒక ఇనప కడ్డీ. సైరుసి పరిగెత్తుకొచ్చాడు. "మీ అన్నయ్య చెప్పమన్నాడు. ఇక నుంచి ఎంత మంది పడవ ఎక్కితే అన్ని దెబ్బలు కొట్టాలట. తిరిగొచ్చాక అతను అన్ని కొడతాడట. లెక్క తప్పితే ఎవరూ పడవ దిగేది లేదట. మరదలా, మీరిద్దరూ కలిసి నా ఉద్యోగం ఊడగొట్టారు."

నేను పదకొండు కొట్టాను. కొండ మీదికి వినపడిందట. వంటవాళ్ళు పూజ మళ్ళీ మొదలైందనుకుని బయటికి వచ్చారు. మధ్యాహ్నం పడవలు తిరిగి వచ్చాయి. అన్నయ్య జెట్టీ ఎక్కి, బోర్డు ముందు నిలబడి, ఒక్కో బిళ్ళా తగిలిస్తుంటే చూసి, స్తంభం దగ్గరికి వెళ్ళి పదకొండు కొట్టాడు. నోరీన్ బిళ్ళ తగిలించేటప్పుడు చప్పట్లు కొట్టారు. ఆమె నా వైపు తిరిగి, "ఇన్నాళ్ళకి మీ అన్నా చెల్లీ గట్టిగా మాట్లాడుకుంటున్నారు" అంది.

పడవ తాళం మళ్ళీ అన్నయ్య మొలకి ఉంది. హార్క్‌నెస్ గారు వచ్చే నెల ఇంకో క్లబ్బుకి సరేనన్నారు. చప్పుడు భరించలేక బల్లి బోర్డు వదిలి పెట్రోలు కొట్లోకి మారింది, ఇస్త్రీ ఆవిడకి చెప్పు. టీచరమ్మకి మొగలి వాసన ఇష్టమేనట, అంచు ఎరుపు వెయ్యమంది.

పెదనాన్న నిన్ను క్రిస్మస్‌కి రమ్మన్నారు. పెద్దమ్మ చేత చెప్పించారు. పెద్దమ్మ మెత్తగా చెప్పింది కానీ, ఆయన అన్న మాట "రమ్మను, లేకపోతే ఈ కాలితో నేనే సువా వస్తాను" అని.

ఈ రెండు వారాలూ నాకు గుండెల మీద రాయి ఉన్నట్టుండేది. ఇప్పుడు లేదు. ఒక్కటి మాత్రం నీకైనా చెప్పాలి. పెదనాన్న అడిగినప్పుడు ఇంజను మోతగా ఉందన్నాను. అది నిజమే. మోతగానే ఉంది. కానీ నేను పిలవగానే అన్నయ్య ఇంజను ఆపేశాడు. ఆపి, నా కళ్ళలోకి చూసి, "ఎన్నో నంబరు?" అని అడిగాడు.

"ఏడు" అన్నాను.

అలుమీతా